రూపములేని విగ్రహములు

విగ్రహములను విడిచితిమని మనము నిశ్చింతగా నుందుము. మరి యోహాను తన మొదటి పత్రికను ముగించుచు, విగ్రహముల జోలికి పోవలదని విశ్వాసులకే యేల వ్రాసెను?

పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరిగారు 1833లో కటకమున బాప్తిస్మము పొందిరి. ఆయన విడువవలసిన ప్రతిమలు కంటి కెదుటనే యుండెను. మనము కొలుచువానికి రూపము లేదు, కొలుచుచున్నామనియు దోచదు.

మా భావనపాడు తీరమున నేటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, యంత్రపు పడవలకు వేట నిషేధము. వలలు ఒడ్డున నుండును. కొంత తీరిక దొరకును. అది దేవునికి దక్కుచున్నదా? తెల్లవారగనే చేయి సెల్‌ఫోనును వెదకును. 2023 ఏప్రిల్ 19న మూలపేట ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది మొదలు సెంటు భూమి వెల యెంతయను మాట యొకటి తోడైనది.

భూమి పాపము కాదు, నగ పాపము కాదు, బిడ్డ చదువు అసలే కాదు. చిక్కంతయు నిందే యున్నది. బిడ్డకు మార్కులు తగ్గిననాడు మనకు అన్నము సహింపదు. ప్రార్థన తప్పిననాడో, ఆకలి యెప్పటివలెనే వేయును!

మా పొరుగు గృహిణి యొకతె రాత్రివేళ ఫోనును బియ్యపుడబ్బాపై నుంచి, ఉదయమున నొక అధ్యాయము చదివిన పిదపనే తీయును. మొదటి వారము మిక్కిలి కష్టమైనదట.