టెర్లిన్ పుట్టిన చోట

మేముండే మాంచెస్టర్‌కి ఉత్తరాన సుమారు 20 మైళ్ల దూరంలో యాక్రింగ్టన్ అనే చిన్న ఊరుంది. 1941లో అక్కడి కాలికో ప్రింటర్స్ అసోసియేషన్ ప్రయోగశాలలో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు టెర్లిన్ అనే పాలిస్టర్ దారాన్ని కనిపెట్టారు. మా నాన్నగారి తరంలో టెర్లిన్ చొక్కా ఉన్నవాడి దర్జాయే వేరు. ఉతికి ఆరేస్తే చాలు, ముడత పడదు. ఇవాళ ప్రపంచంలో బట్టల కోసం తయారయ్యే దారంలో సగానికి పైగా పాలిస్టరే. అది పెట్రోలియం నుంచి తీసిన ప్లాస్టిక్.

ఇక్కడ ఎండను నమ్ముకోలేం కాబట్టి బట్టలు డ్రయ్యర్‌లో ఆరబెడతాం. పాలిస్టర్ ఫ్లీసు దుప్పటి వేసిన రోజు డ్రయ్యర్ ఫిల్టర్ తీసి చూడండి. బూడిదరంగు నూగు దూదిపొరలా వేలికి లేచి వస్తుంది. ఇది కంటికి కనపడేది. వాషింగ్ మెషీన్ నీళ్లతో పోయేది కనపడదు. ఆరు కిలోల యాక్రిలిక్ (ఇదీ ప్లాస్టిక్ దారమే) బట్టలు ఒక్కసారి ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు ఊడిపోవచ్చని 2016లో ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో చాలామటుకు ఆగిపోతాయి, నిజమే. కానీ ఆగినవి అడుగు బురదలో చేరతాయి, ఆ బురదను ఇక్కడి పొలాలకు ఎరువుగా తోలుతారు. ఆగకుండా సముద్రంలో చేరే పోగుల కంటే నాకు వీటితోనే ఎక్కువ దిగులు. మట్టిలో కలిసిన పోగును ఎవరు ఏరగలరు?

అలాగని నూలుబట్ట కొంటే సరిపోయిందనీ అనలేను. గుంటూరు, వరంగల్ పత్తిచేలలో ఎన్ని మందులు కొడతారో, ఎంత అప్పు మిగులుతుందో మనకు తెలియనిది కాదు. అందుకే కొత్త నూలుచొక్కా కంటే ఉన్న పాలిస్టర్ చొక్కానే చిరిగేదాకా తొడగడం మేలంటాను. మెషీన్ నిండాక, చన్నీళ్లలో, తక్కువసేపు తిప్పితే పోగులు తక్కువ రాలతాయి. స్వెట్టర్‌ని తొడిగిన ప్రతిసారీ ఉతకక్కర్లేదు, గాలికి వేస్తే చాలు. పాత ప్లాస్టిక్ సీసాలతో చేసిన జాకెట్ అని చీటీ ఉన్నా అదీ పోగులు రాల్చేదే. కొనక తప్పకపోతే ఈ చలికి ఉన్ని మంచిది. ఛారిటీ షాపుల్లో ఉన్ని స్వెట్టర్లు చవగ్గా దొరుకుతాయి.

మన ఫంక్షన్ల సంగతి వేరే చెప్పాలి. సూరత్ నుంచి వచ్చే జార్జెట్ చీరల్లో చాలావరకు పాలిస్టరే. ఫొటోల్లో ఒకసారి పడ్డ చీర మళ్లీ కట్టరు. ఈ దసరాకి ఒకరి చీరలు ఒకరం కట్టుకుందామని మా స్నేహితురాళ్లని అడిగాను. ఇద్దరు ముగ్గురు అప్పుడే సరేనన్నారు.

కొత్త వాషింగ్ మెషీన్లలో 2025 నుంచి పోగుల్ని పట్టే ఫిల్టర్ ఉండాలని ఫ్రాన్స్ 2020లోనే చట్టం చేసింది. అలాంటిది మాకూ కావాలని మా ఎంపీకి రాశాను. ఇక్కడ ఓటున్న తెలుగువాళ్లందరూ రాయండి.