నీళ్లు యాడ నిలిచినాయో చూడు

కేసీ కెనాల్ చివరి ఆయకట్టు రైతుకు ఓ అలవాటు ఉంటుంది. మడికి నీళ్లు రాకపోతే నేరుగా సుంకేసులకు పరిగెత్తడు. ముందు తన మడికాలవ చూసుకుంటాడు. తర్వాత పిల్లకాలవ, ఆ తర్వాత తూము, ఆపైన పెద్దకాలవ. కర్నూలు దగ్గర తుంగభద్ర మీద మొదలై కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు వచ్చే కాలువ మరి! "యాడ నిలిచినాయో చూడు అబ్బీ, ఊరికే పైనోళ్లను తిడితే ఏమొస్తాది?" అనేవాడు మా నాయన.

కంప్యూటర్ల పనిలో పడినాక నాకు ఎక్కువ అక్కరకొచ్చిన పాఠం అదే.

పోయిన ఏడాది మైదుకూరులో మా చిన్నాయన కొడుకు నెట్ సెంటర్‌కు పోయినా. అప్పుడే పాత కనెక్షన్ తీసేసి కొత్తది పెట్టించినాడు. మిగతా వాటిలో నెట్ వస్తోంది, ఉబుంటు వేసిన ఒక్కదాంట్లో రావడంలేదు. "ఫార్మాట్ కొట్టేస్తా అన్నా, పీడా పోతాది" అన్నాడు. అందులో రైతుల పాస్‌బుక్కులు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు ఉన్నాయి. వేరే కాపీ లేదు.

"ఆగబ్బీ" అని టెర్మినల్ తెరిచినా. ముందు 127.0.0.1కి పింగ్ కొట్టినా. కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే అడ్రసు అది. పలికింది. మడికాలవ బాగుందన్నమాట. రూటర్ ఇచ్చిన ఐపీ అడ్రసు ఉంది. రూటర్ 192.168.1.1 పలికింది. బయటి 8.8.8.8 కూడా పలికింది. కాలువ పొడవునా నీళ్లున్నాయి! వెబ్‌సైట్ పేరుతో కొడితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

అంటే తేడా పేరును నంబరుగా మార్చి చెప్పే డీఎన్ఎస్ దగ్గర. సెట్టింగుల్లో చూస్తే, పాత కనెక్షన్ వాళ్ల డీఎన్ఎస్ నంబర్లు ఎప్పుడో చేత్తో రాసినవి అట్లే ఉన్నాయి. ఆ సర్వర్లు ఇప్పుడు మనకు జవాబివ్వడం లేదు. వాటిని తీసి ఆటోమేటిక్ పెట్టి, కనెక్షన్ ఆపి మళ్లీ కలిపితే సైట్లు తెరుచుకున్నాయి. పది నిమిషాల పని.

ఈ పింగ్ 1983లో మైక్ మూస్ అనే ఆయన యూనిక్స్ కోసం రాసిన చిన్న ప్రోగ్రాం. బావిలోకి కేకేసి ప్రతిధ్వని కోసం ఆగినట్టు ఉంటుంది దాని పని. ఒక్క మాట: కొన్ని సర్వర్లు భద్రత కోసం పింగ్‌కు కావాలనే పలకవు. ఒక్కచోట జవాబు రాలేదని దారి తెగిందని అనుకోవద్దు, ఇంకోదాన్ని కూడా పిలిచి చూడండి.

ఏదైనా మార్చేముందు పాత సెట్టింగు కాగితం మీద రాసుకోండి. ఒకేసారి రెండు మార్చొద్దు. పరాయివాళ్ల కాగితాలు దాచిపెట్టుకున్న మిషన్ అయితే, దానికి ఇంకో కాపీ ఈ రోజే తీసిపెట్టండి.