మీరు ఏ పని చేస్తారు?

మదర్సాలో పాఠం చెప్పేవాని దగ్గరకు జనం పిల్లల చదువు విషయమై మాత్రమే రారు. తమ రోగాల గోడు కూడా తెచ్చుకుంటారు. దుఆ చేయమని అడుగుతారు, దమ్ చేయించుకుపోతారు. సిరిసిల్లలో బోధన సాగించిన ఇన్నేళ్ళలో నేను గమనించిన విషయం ఒకటుంది. ఇక్కడి రోగాలు మనుషులను బట్టి కాక, వారు చేసే పనిని బట్టి వరుస కడతాయి. సాంచల మీద పనిచేసేవారు చెవుల్లో హోరు గురించి, నిద్ర పట్టకపోవడం గురించి చెప్పుకుంటారు. బీడీలు చేసే స్త్రీలకు మెడ, నడుము, దగ్గు. గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవారికి వెన్నునొప్పి, మూత్రపిండాల జబ్బు. అందుకే దుఆ చేసిన వెంటనే నేను ఒక ప్రశ్న అడుగుతాను: "మీరు ఏ పని చేస్తారు? ఎన్నేళ్ళుగా చేస్తున్నారు?"

ఈ ప్రశ్న నా సొంతం కాదు. మూడు శతాబ్దాల క్రితం ఇటలీలో బెర్నార్దినో రామజ్జినీ అనే వైద్యుడు ఉండేవాడు. వృత్తుల వల్ల కలిగే వ్యాధుల గురించి 1700లో ఆయన ఒక గ్రంథం ప్రచురించాడు. రోగిని వైద్యులు అడిగే ప్రశ్నలన్నింటితోపాటు "నీ వృత్తి ఏమిటి?" అన్నది కూడా తప్పక అడగాలని ఆయన తోటి వైద్యులకు సూచించాడు. కుమ్మరులు, గనివారు, నేతగాళ్ళు, లేఖకులు ఇలా ఒక్కొక్క వృత్తినీ విడిగా పరిశీలించాడు. ఏ పని మనిషిలో ఏ అవయవాన్ని తింటుందో తెలుసుకోవాలన్నది ఆయన తపన. మూడు వందల ఏళ్ళు గడిచినా మన ఊళ్ళ ఆసుపత్రి చీటీల మీద రోగి పేరు, వయస్సు కనిపిస్తాయి గాని, అతని పని ఏమిటన్నది ఎక్కడో గాని కనిపించదు.

మా ఊరి సంగతే తీసుకుందాం. సిరిసిల్ల పేరు చెప్పగానే అందరికీ మరమగ్గాలు గుర్తుకు వస్తాయి. మేము వాటిని సాంచలు అంటాము. పగలు, రాత్రి షిఫ్టులుగా పన్నెండేసి గంటలు నడిచే షెడ్లు ఇక్కడ వీధి వీధినా ఉన్నాయి. చీరలు నేసినా, పాలిస్టరు గుడ్డ నేసినా నాడె కొట్టే దెబ్బ ఒక్కటే. ఎనిమిది గంటల పనిలో 90 డెసిబెల్స్‌కు మించిన శబ్దం కార్మికుని చెవికి తగలరాదని మన దేశపు ఫ్యాక్టరీ నిబంధనలు చెబుతాయి. నాడెలతో నడిచే మరమగ్గాల షెడ్లలో శబ్దం సాధారణంగా ఈ హద్దును దాటుతుంది. పైగా ఇక్కడ పని ఎనిమిది గంటలతో ముగియదు.

శబ్దం చెవిని ఒక్కసారిగా చెవుడు చేయదు. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే అతి సూక్ష్మమైన రోమ కణాలు ఒక్కొక్కటిగా చనిపోతాయి. చనిపోయినవి మళ్ళీ పుట్టవు. మొదట పోయేది సన్నని, పదునైన ధ్వనులను పట్టుకునే శక్తి. తజ్వీద్ నేర్పేవాడిని గనుక దీని అర్థం నాకు బాగా తెలుసు. సీన్, థా అనే అక్షరాల మధ్య తేడా ఆ సన్నని ధ్వనుల్లోనే ఉంది. హిఫ్జ్ పూర్తి చేసిన ఒక పిల్లవాడి పారాయణం వినడానికి అతని తండ్రి వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా సాంచల మీద ఉన్న మనిషి. కొడుకు ముందు కూర్చొని, చెవి వెనుక అరచేయి పెట్టుకొని, కళ్ళు అతని పెదవుల మీదే నిలిపాడు. పారాయణం ముగిశాక నా వైపు తిరిగి "మంచిగ చదివిండా మౌల్సాబ్?" అని అడిగాడు. చాలా బాగా చదివాడని కాస్త గట్టిగా చెప్పాను. అతని కంట నీరు తిరిగింది. ఆ కుటుంబం ఎన్నో ఏళ్ళు ఎదురుచూసిన స్వరం అది. అది అతనికి సగమే చేరింది. ఈ నష్టం ఏ రికార్డులోనూ నమోదు కాలేదు.

సాంచల దగ్గర హఠాత్తుగా జరిగే ప్రమాదాలు కూడా లేకపోలేదు. నాడె ఎగిరి తగులుతుంది, బెల్టులో చేయి పడుతుంది, కరెంటు షాక్ కొడుతుంది. అలాంటివి జరిగితే నలుగురూ పరుగెత్తి వస్తారు, ఆసామి ఆసుపత్రికి తీసుకువెళ్తాడు, ఏదో ఒక సాయం అందుతుంది. నెమ్మదిగా జరిగే హానికి సాక్షులు ఉండరు. నూలు దుమ్ము సంగతీ అంతే. పత్తిని శుభ్రపరిచి దారం తీసే మిల్లుల్లో ఈ దుమ్ము ఎక్కువ, నేత షెడ్లలో తక్కువ. ఏళ్ళ తరబడి దానిని పీల్చినవారికి సెలవు తర్వాత పనిలోకి వచ్చిన తొలిరోజున ఛాతీ బిగుసుకుపోతుంది. దీనినే వైద్యులు బిస్సినోసిస్ అంటారు. మొదట్లో ఆ ఇబ్బంది ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కాలం గడిచాక తగ్గడం మానేస్తుంది.

ఇక కోరుట్ల, జగిత్యాల వైపు వెళితే ముస్లిం ఇళ్ళలోనూ, ఇతరుల ఇళ్ళలోనూ బీడీల చాట కనిపిస్తుంది. తునికాకు నానబెట్టడం, అచ్చు పెట్టి కత్తిరించడం, తంబాకు నింపి చుట్టడం, దారం కట్టి మొన మడవడం, ఇదంతా తల వంచుకొని, కాళ్ళు ముడుచుకొని చేసే పని. రోజుకు వెయ్యి బీడీలు పూర్తిచేయాలని కూర్చున్న స్త్రీ ఎన్నిసార్లు మెడ ఎత్తగలదు? తంబాకు ధూళి శ్వాసలోకి పోతుంది. అందులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరగలదు. కార్ఖానా గోడలు లేవు గనుక పక్కన పడుకున్న పసిబిడ్డ కూడా ఆ గాలినే పీలుస్తుంది. బీడీ వ్యాపారం ధర్మసమ్మతమా అన్న విషయాన్ని ఉలమాలు చర్చించారు, ఇంకా చర్చిస్తారు. ఆ చర్చ తేలేవరకు ఆ చెల్లెలి ఊపిరితిత్తులు మాత్రం ఆగవు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి వద్ద బీడీలు చుట్టే స్త్రీని కూడా కార్మికురాలిగానే గుర్తించింది. ఆమె మాత్రం తనను తాను కార్మికురాలిగా భావించదు. "నేను ఇంట్లోనే ఉంటాను, పనికి పోను" అంటుంది.

మూడవది గల్ఫ్. ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల అక్కడికి మనిషి వెళ్ళని ఊరు దొరకడం కష్టం. వేసవి మధ్యాహ్నం ఎండలో నిర్మాణ పని చేసేవాని శరీరం నీటిని కోల్పోతుంది. ఆ స్థితి రోజుల తరబడి కొనసాగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకే గల్ఫ్ దేశాలు వేసవిలో మిట్టమధ్యాహ్నం బయటి పనిని నిషేధించాయి. ఖతర్ 2021లో ఈ నిషేధాన్ని జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు పొడిగించింది. ఎండ పనికి, రోగానికి మధ్య సంబంధం ఉందని ప్రభుత్వాలే అంగీకరించాయన్నమాట. అయినా అక్కడ ప్రాణం విడిచిన అనేకమంది యువకుల మరణ పత్రాల మీద "సహజ మరణం" అనో, "గుండె ఆగిపోవడం" అనో రాసి ఉంటుంది. వలస కార్మికుల కోసం మన ప్రభుత్వం తప్పనిసరి చేసిన ప్రవాసీ భారతీయ బీమాలో ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలు ఉన్నాయి. సహజమని రాసిన మరణానికి ఆ సొమ్ము రాదు. మా విద్యార్థి తండ్రి ఒకరు అలాగే శవపేటికలో వచ్చారు. ఆ కాగితం చేత పట్టుకొని పిల్లవాడి పెద్దన్నయ్య నన్ను అడిగాడు: "ముప్ఫై నాలుగేళ్ళ మనిషికి గుండె దానంతట అదే ఎట్లా ఆగింది హజ్రత్?" ఆ కుర్రవానికి సహనం గురించి చెప్పడం నా బాధ్యత, చెప్పాను. అతని ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవారు మాత్రం వేరే ఉన్నారు.

ఇప్పుడు ప్రపంచం వైపు చూద్దాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం పని కారణంగా ఏటా దాదాపు 29 లక్షల 30 వేలమంది మరణిస్తున్నారు. వారిలో ప్రమాదాల్లో చనిపోయేవారు 3 లక్షల 30 వేలమంది. మిగిలిన 26 లక్షలమందిని చంపుతున్నది పని వల్ల వచ్చే వ్యాధులు. అంటే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది నెమ్మదిగా, ఎవరి కంటా పడకుండా పోతున్నారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి నలభైమందికి పైగా చనిపోయినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. ఉలిక్కిపడవలసిందే. కాని దగ్గుతో, చెవుడుతో, మూత్రపిండాల జబ్బుతో రాలిపోయేవారి కోసం ఏ రోజూ వార్త రాదు.

ఏ పరిశ్రమ ఎక్కువ ప్రమాదకరం అని అడిగితే వ్యవసాయం, నిర్మాణం, గనులు, చేపలవేట అని చెబుతారు. ఈ పోలికలో ఒక మెలిక ఉంది. ఎక్కడ లెక్క సరిగా పెడతారో అక్కడ గాయాలు ఎక్కువగా కనిపిస్తాయి. మాకు తూర్పున గోదావరిఖనిలో సింగరేణి గనులున్నాయి. అక్కడ జరిగే ప్రతి పెద్ద ప్రమాదాన్నీ తనిఖీ శాఖకు తెలపాలని 1952 నాటి గనుల చట్టం ఆదేశించింది. అందువల్ల గని ఎంత ప్రమాదకరమో అందరికీ తెలుసు. సాంచల షెడ్డు సంగతి వేరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట కనీసం 10 మంది పనివారుంటేనే దానిని ఫ్యాక్టరీ అన్నది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త నియమావళి ఆ సంఖ్యను 20కి పెంచింది. నలుగురైదుగురు పనిచేసే చిన్న షెడ్డు, బీడీల చాట పెట్టుకున్న వసారా ఆ లెక్కలోకి రావు. లెక్కలోకి రాని చోటును జనం క్షేమమైన చోటుగా భావిస్తారు.

చట్టానికి ఈ రోగాలు తెలియవని కాదు. శబ్దం వల్ల వచ్చే చెవుడు, నూలు దుమ్ము వల్ల వచ్చే శ్వాసకోశ వ్యాధి రెండూ వృత్తి వ్యాధులేనని 1923 నాటి పరిహార చట్టపు జాబితా గుర్తించింది. కాని అది అక్కరకు రావాలంటే ఈ మనిషి ఇక్కడ, ఇన్నేళ్ళు, ఈ పని చేశాడని రుజువు కావాలి. మన కార్మికుల దగ్గర లేనిది ఆ రుజువే.

కొందరు సోదరులు "ఇదంతా తఖ్దీర్ మౌల్సాబ్, రాసిపెట్టినది తప్పుతుందా?" అంటారు. విధిరాత మీద విశ్వాసం మన ఈమాన్‌లో భాగమే. అయితే మన శరీరం మనకు అల్లాహ్ ఇచ్చిన అమానత్. అమానత్‌ను కాపాడుకోవడం కూడా ఆయన ఆజ్ఞే. ప్రాణరక్షణ షరీఅత్ ప్రధాన ఆశయాల్లో ఒకటని మా పాఠ్యగ్రంథాల్లో చదువుకున్నాము. పదకొండవ శతాబ్దపు న్యాయశాస్త్ర పండితుడు ఇమామ్ మావర్దీ నగర పర్యవేక్షకుడైన ముహ్తసిబ్ విధులను వివరించాడు. మోయలేని బరువు మోపి పశువును బాధించేవారిని, శక్తికి మించిన పని చేయించేవారిని అడ్డుకోవడం ఆ విధుల్లో ఉంది. పశువుకే ఈ రక్షణ ఉంటే మనిషి చెవికి, ఛాతీకి ఉండవద్దా?

ఇంకొక మాట. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు దానిని వ్రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని ఖుర్ఆన్ మనకు ఆదేశించింది. వ్రాయడం అపనమ్మకానికి గుర్తు కాదు, రేపటి వివాదానికి అడ్డుకట్ట. కార్మికుడు తన ఆరోగ్యంలో కొంత భాగాన్ని రోజూ పనికి ధారపోస్తున్నాడు. అది కూడా అప్పు వంటిదే. దానిని వ్రాసుకోవద్దా?

కాబట్టి ప్రియ పాఠక సోదర సోదరీమణులారా, మీ ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరి షెడ్డులో, ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు, రోజుకు ఎన్ని గంటలు పనిచేశారో అందులో వ్రాయండి. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అడగకపోయినా మీ పని ఏమిటో డాక్టరుకు చెప్పి, చీటీ మీద వ్రాయించుకోండి. సాంచల మీద పనిచేసేవారు ఏడాదికి ఒకసారైనా వినికిడి పరీక్ష చేయించుకోండి, పనిలో చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి. అవి మందుల దుకాణంలో తక్కువ ధరకే దొరుకుతాయి. బీడీలు చేసే చెల్లెళ్ళు గుర్తింపు కార్డు, పీఎఫ్ కాగితాలు భద్రపరచుకోండి, పసిబిడ్డలను చాటకు దూరంగా పడుకోబెట్టండి. గల్ఫ్‌కు వెళ్ళేవారు వెళ్ళే ముందు చేయించుకున్న వైద్య పరీక్షల నకలు, బీమా పత్రం ఇంట్లో ఇచ్చి వెళ్ళండి. ఆరోగ్యంగా వెళ్ళారనడానికి అదే సాక్ష్యం. ఆసాములకు కూడా ఒక విన్నపం. మీలో చాలామంది అదే షెడ్డులో నిలబడి అదే హోరు వింటున్నారు. ఈ లెక్క మీకు వ్యతిరేకంగా అడుగుతున్నది కాదు, ఇందులో మీరూ ఉన్నారు. జకాత్, సదఖా నిర్వహించే కమిటీలు మందుల ఖర్చుతోపాటు ముందస్తు పరీక్షలకు కూడా కొంత కేటాయిస్తే మంచిది.

మా మదర్సా ప్రవేశ పట్టికలో తండ్రి వృత్తి అనే గడి మొదటి నుంచీ ఉంది. దాని పక్కన ఇప్పుడు మరో రెండు గడులు గీశాము: తల్లి చేసే పని, ఎన్నేళ్ళుగా. తల్లి గడి దగ్గరకు వచ్చేసరికి చాలామంది "ఏమీ లేదు" అంటారు. కలం ఆపి, బీడీలు చుడతారా అని మళ్ళీ అడుగుతాము. అవునంటే, ఆ పని పేరు వ్రాస్తాము.