మా బాపు ఎంత అన్నం తింటడు?

చాన్నాళ్ళయింది ఇటువైపొచ్చి. ఈసారి కారణం రాజకీయాలూ కాదు, సినిమా కూడా కాదు. మా ఆఫీసు వాళ్ళు ఏటా చేయించే హెల్త్ చెకప్. పోయినేడాది నా రిపోర్టులో హెచ్‌బీఏ1సీ 6.1 అని వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, 6.5కి చేరితే ఇంక షుగరే. నాకు 28 ఏళ్ళు. మా తాతకి ఉండేది, బాపుకి 2016 నుంచి ఉంది. పొలాలన్నీ ఎప్పుడో పోయాయి కాబట్టి, వంశపారంపర్యంగా నా దాకా వచ్చిన ఆస్తి ఇదొక్కటే అన్నమాట :-)

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాను. కోడ్ రాసుకు బతికేవాణ్ణి. ఇది చదివి ఎవరూ టాబ్లెట్లు మానేయొద్దు. ఎందుకంత గట్టిగా చెప్తున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మన తెలుగువాళ్ళకి సినిమా హీరోలకి అభిమాన సంఘాలున్నట్టే తిండికీ ఉన్నాయి. మా చిన్నప్పుడు ఇంటింటా టీవీలో మంతెన సత్యనారాయణ రాజు గారు. ఉప్పొద్దు, నూనొద్దు. తర్వాత వీరమాచనేని రామకృష్ణ గారు. నూనె తాగండి, అన్నమే వద్దు. ఆ తర్వాత ఖాదర్ వలీ గారు. కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు. ఆయనకి 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఒకాయన వద్దన్నది ఇంకొకాయన దగ్గర మందు. మధ్యలో డాక్టర్లిచ్చే జిరాక్స్ కాగితం ఒకటి ఉంటుంది, మీరు చూసే ఉంటారు: ఇడ్లీ మూడు, చపాతీ రెండు, దుంపలు వద్దు, తీపి వద్దు, అన్నం తగ్గించండి. మా ఇంట్లో ఆ కాగితం ఫ్రిజ్ మీద తొమ్మిదేళ్ళుగా ఉంది. అన్నం తగ్గించండి అన్న చోట పసుపు మరక కూడా ఉంది.

2018 సంగతి చెప్తా. నేనప్పుడు బీటెక్ మూడో సంవత్సరం, వరంగల్లోనే. బాపు కాజీపేటలో రైల్వే ఉద్యోగం. ఆ ఏడాది ఎక్కడ చూసినా వీరమాచనేని గారి మాటే. ఫంక్షన్ హాళ్ళలో మీటింగులు, ఫోన్లలో వీడియోలు. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ గోళీలు.. అవే నాలుగు స్తంభాలు. బాపుతో పనిచేసే ఒకాయన పది కిలోలు తగ్గాడట. ఇంక ఆగుతాడా? సాయంత్రం రెండు సీసాల కొబ్బరినూనెతో ఇంటికొచ్చాడు. తలకి పెట్టుకునేది తాగుడేందని అమ్మ.

మా తప్పేంటో దాచకుండా చెప్పాలి. బాపు ఆ పద్ధతిని సగం విన్నాడు, డాక్టర్ని సగం విన్నాడు. అన్నం పూర్తిగా మానేశాడు. పొద్దున వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్రం భయంతో మానలేదు, తగ్గించలేదు. రెండూ చేస్తే రెండింతలు మంచిదనుకున్నాడు పాపం. నేను ఇంజనీరింగ్ చదువుతూ కూడా ఆ గోళీ ఏం చేస్తుందో ఒక్కసారి చదవలేదు. అది క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్ బయటకి తెప్పిస్తుంది. కడుపులో తిండి ఉందా లేదా అని చూడదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్ళకి షుగర్ మరీ పడిపోవడం అరుదు, దీనితో అలా కాదు.

నాలుగో రోజు సాయంత్రం డ్యూటీ దిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. బనీను మొత్తం చెమట. ఏదో అంటున్నాడు, మాట ముద్దముద్దగా వస్తోంది. అమ్మ దగ్గరకొచ్చి వాసన చూసి, "ఏందయ్యా, తాగొచ్చినవా?" అంది. జీవితంలో మందు ముట్టని మనిషి. నాకెందుకో మీటర్ గుర్తొచ్చి వేలు పొడిచి చూస్తే 46. డెబ్భై కంటే తగ్గితేనే ప్రమాదం. అమ్మ గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల చక్కెర కలిపి తెచ్చింది. బాపు మూతి తిప్పేసుకున్నాడు. "చక్కెర ముట్టనని ఒట్టు పెట్టుకున్న" అంటాడు! ఆ ముద్ద మాటల్లో ఇదొక్కటి మాత్రం స్పష్టంగా వచ్చింది. అమ్మ గదవ పట్టుకుని పోసింది. పావుగంటకి 84. అప్పుడు అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది, మాకు వినపడకుండా.

మర్నాడు డాక్టర్ దగ్గర తిట్లు పడతాయనుకుంటూ వెళ్ళాం. ఆయన తిట్టలేదు. "అన్నం మానేస్తానని నాకొక్క మాట చెప్పి ఉంటే నేనే గోళీ తగ్గించేవాణ్ణి కదండీ" అన్నాడు. బాపు బయటకొచ్చాక నాతో, "అడిగితే తిడ్తడనుకున్న రా" అన్నాడు. ఈ ఒక్క మాట నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదు. టాబ్లెట్ చీటీ రాసేవాడికి తిండి సంగతి చెప్పడానికి భయం, తిండి సంగతి చెప్పేవాడికి టాబ్లెట్ సంగతి తెలియదు. రెండు మాడ్యూళ్ళు రాసినవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోకపోతే సిస్టం ఏమవుతుందో మా ఫీల్డులో వాళ్ళకి చెప్పక్కర్లేదు.

కొబ్బరినూనె తలకే వెళ్ళిపోయింది. బాపు జిరాక్స్ కాగితానికి తిరిగొచ్చేశాడు. తర్వాత ఆరేళ్ళు హెచ్‌బీఏ1సీ ఎనిమిదిన్నర అటూ ఇటూ. వెళ్ళినప్పుడల్లా "అన్నం తగ్గించారా?" అని డాక్టర్, "తగ్గించిన సార్, రాత్రి చపాతీయే" అని బాపు. ఇద్దరూ నిజమే మాట్లాడుతున్నారు.

నా 6.1 వచ్చాక కథ మళ్ళీ మొదలైంది. వారంలో రెండ్రోజులు హైదరాబాద్ ఆఫీసు, మిగతా రోజులు హన్మకొండలో ఇంటి నుంచే పని కాబట్టి వంటింటి తూకం మిషన్ ఒకటి కొని నా ప్లేట్ తూచడం మొదలుపెట్టా. రెండో రోజు ఊరికే, సరదాకి, బాపు ప్లేట్ కూడా తూచా. అక్కడ దొరికింది బగ్గు.

మధ్యాహ్నం ఒక్క పూటకి, బియ్యంగా లెక్కేస్తే 200 గ్రాములు. ఆశ్చర్యపోకండి, మీ ఇంట్లో పెద్దవాళ్ళది తూచి చూడండి. మన భోజనం కట్టుబాటే అట్లాంటిది. పప్పులోకి ఒక తడవ, కూరలోకి ఒక తడవ, పచ్చిపులుసులోకి, చివర్న పెరుగులోకి. ఏది తినాలన్నా దాని కింద అన్నం ఉండాల్సిందే. కూర అన్నానికి తోడు గానీ అన్నం కూరకి తోడు కాదు. ఇంక రాత్రి "చపాతీయే" అంటే ఐదు చపాతీలు. ఆపైన పెరుగులోకి రెండు ముద్దలు, అవి లెక్కలోకి రావు (బాపు లెక్కలో).

జాతీయ పోషకాహార సంస్థ, అదే మన హైదరాబాద్ తార్నాకలో ఉండే ఎన్ఐఎన్, 2017లో వేసిన ఆహార పట్టికలు తీసి చూశా. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. గోధుమపిండిలో 64. జొన్నలో 68. కొర్రలు కూడా అరవై దగ్గరే. పీచు ఎక్కువుండటం, నెమ్మదిగా అరగడం.. ఆ తేడాలున్నాయి, కాదనను. కానీ అన్నం మానేసి ఐదు చపాతీలు తినడం అంటే పోర్ట్ మార్చి అదే సర్వర్ నడపడం లాంటిది. అన్నీ కలిపితే బాపుకి రోజుకి 350 గ్రాముల పిండిపదార్థం దాటింది. తొమ్మిదేళ్ళలో ఎవ్వరూ, డాక్టరూ, వీడియోలూ, నేనూ, "ఎంత తింటున్నావు?" అని అడగలేదు. తగ్గించు అన్నారు, మానెయ్ అన్నారు, మార్చు అన్నారు.

ఇది మా ఇంటి జబ్బే కాదు. 2025లో ఐసీఎంఆర్ సర్వే వివరాలు నేచర్ మెడిసిన్‌లో వచ్చాయి. సగటు భారతీయుడికి వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచేనట. అదే సర్వే మీద 2022లో డయాబెటిస్ కేర్‌లో వచ్చిన పేపర్ కీటో లాంటిదేమీ చెప్పలేదు. కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళు పిండిపదార్థాలని 49-54 శాతానికి దించి, ప్రోటీన్ 20 శాతం దాకా పెంచితే జబ్బు వెనక్కి వెళ్ళే అవకాశం ఉందని లెక్కగట్టింది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా 2019 నివేదికలో, షుగర్ అదుపుకి అన్నిటికంటే ఎక్కువ ఆధారాలున్నది మొత్తం పిండిపదార్థాలు తగ్గించడానికే అని ఒప్పుకుంది. అసలు ఇన్సులిన్ 1922లో మనిషికి ఎక్కకముందు వైద్యం అంటే అదే కదా, పిండిపదార్థాలు కోసేసి అర్ధాకలితో ఉంచడం. ఇన్సులిన్ వచ్చింది, తర్వాత కొవ్వంటే భయం వచ్చింది, లోలకం అటు ఊగింది. ఇప్పుడు మెల్లగా ఇటు. "డాక్టర్లకి తెలీదు, దాస్తున్నారు" అనే వాట్సాప్ మేధావులు గమనించాలి, దాచలేదు. జిరాక్స్ కాగితం మారలేదు, అంతే.

అలాగని అన్నం వ్యతిరేకులు పూర్తిగా గెలిచినట్టూ కాదు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ట్రయల్‌లో (2017) ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి షుగర్ మందుల్లేకుండా అదుపులోకొచ్చింది. అది లో-కార్బ్ కాదు, రోజుకి 850 కేలరీల లోపు పెట్టి బరువు తగ్గించడం. బరువు తగ్గడమే సగం మందు. ఇంక నూనెలు తాగడం అంటారా, కొబ్బరినూనె ఎల్‌డీఎల్ పెంచుతుంది. గుండెకి స్టెంట్ ఉన్నవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి గోళీలు వాడేవాళ్ళు ఉన్నట్టుండి పిండిపదార్థాలు మానేస్తే షుగర్ పెద్దగా పెరక్కుండానే కీటోఅసిడోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. మీటర్‌లో అంతా బాగానే కనపడుతుంది, లోపల రక్తం ఆమ్లమైపోతుంది. మా 46 కంటే ఇది దొంగ దెబ్బ.

ఈసారి ముందు డాక్టర్ దగ్గరకి వెళ్ళాం. బాపు తిండి లెక్క ఎక్సెల్‌లో ప్రింట్ తీసి పట్టుకెళ్ళా. ఆయన రెండు నిమిషాలు చూసి, గ్లిమెపిరైడ్ సగం చేసి, "మొదలుపెట్టండి, వారం రోజులు రోజూ మీటర్ చూడండి" అన్నాడు. ఏడేళ్ళ కిందట దాటలేకపోయిన గడప, పది నిమిషాల పని.

కష్టమంతా ఇంట్లో ఎదురైంది. మీటర్ రీడింగులు భోజనాల బల్ల మీద పెట్టా. అన్నం మామూలుగా తిన్నరోజు రెండు గంటలకి 262. ఐదు చపాతీలకి 248. కొర్రన్నం కడుపునిండా తింటే 229. అన్నం మూడో వంతు, కూర రెండింతలు, రెండు గుడ్లు తిన్నరోజు 168. అమ్మ ఆ కాగితం చదివి, "ముప్పై ఏండ్ల సంది వండి పెడితే, ఇప్పుడు నా అన్నమే విషమైందా?" అంది. నా దగ్గర జవాబు లేదు. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం ఇచ్చినప్పుడు అమ్మ చిన్నపిల్ల. అంతకుముందు వాళ్ళింట్లో జొన్నగట్క, మక్కగట్కలే, అన్నం పండగకి. కడుపునిండా తెల్లన్నం పెట్టగలగడం ఆమె లెక్కలో ఒక స్థాయి, ఒక గెలుపు. దాన్ని నేను సూదితో పొడిచి అంకెల్లో తప్పని చూపిస్తున్నా. (పాతకాలం తిండే గొప్పది అనేవాళ్ళకి చిన్నమాట: గట్క కూడా పిండే. కానీ తాత రోజంతా నాగలి పట్టేవాడు, నేను మౌస్ పట్టుకుంటా.)

దారి కూడా ఆమే కనిపెట్టింది, నేను కాదు. వడ్డించే వరస తిప్పేసింది. ముందు గిన్నెలో పప్పు, పక్కన కూర, గుడ్డో చికెనో. అన్నం ఆఖర్న, పెరుగులోకి మాత్రమే. "పెరుగన్నం లేకుంటే మీ బాపుకి తిన్నట్టుండదు, అది ముట్టకు" అంది నాతో. రాత్రి రెండు జొన్నరొట్టెలు. రోజుకి 170 గ్రాములకి దిగింది. కీటో వాళ్ళు చూస్తే నవ్వుతారు, వాళ్ళకి 50 దాటకూడదు. నవ్వనీయండి, బాపు ఆర్నెల్లుగా ఇది తింటున్నాడు, అది నాలుగు రోజులే తిన్నాడు.

నాలుగు నెలలకి 8.6 నుంచి 7.2. ఐదు కిలోలు తగ్గాడు. భద్రకాళి బండ్ మీద పొద్దున నడక మొదలెట్టాడు, అది నేను చెప్పలేదు. ఇప్పుడు ఆయన కొత్త పిచ్చి, తోటి పింఛనుదార్లందరినీ ఆపి "నువ్వు ఎంత తింటవ్? తూచినవా?" అని అడగడం. ఒకాయన ఈమధ్య దారి మార్చుకుని నడుస్తున్నాడని విన్నా :-)

సంక్రాంతికి అమ్మ సకినాలు చేసింది. బియ్యప్పిండి, నువ్వులు, నూనె. ఎవరు ఆగుతారు? బాపు ఆరు లాగించి, నేను మీటర్ తేబోతే, "ముందు నీది చూస్కో" అన్నాడు. చూసుకున్నా. 181. బాపుది 194. అమ్మ మా ఇద్దరి వంకా చూసి డబ్బా మూతపెట్టి పైఅరలో పెట్టేసింది. నా హెచ్‌బీఏ1సీ వచ్చే నెలలో మళ్ళీ ఉంది.