లైఫ్ ట్యాక్స్ అంటే ఏ రాష్ట్రం లైఫ్?

పోస్టు కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా మీ ఇంట్లో ఎవరైనా బెంగళూరులోనో, కోలారులోనో, కృష్ణగిరిలోనో పాత కారు చూస్తా ఉంటే తప్పకుండా చదవండి.

మేము ముగ్గురం. మదనపల్లె హాస్టల్లో ఒకే రూము. ఒకరిది మదనపల్లె పక్క తండా, ఒకరిది పుంగనూరు దగ్గర ఎరుకల కాలనీ, ఒకరిది కుప్పం అవతల యానాదుల ఊరు. మూడిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. బీకాం మూడో ఏడు చదువుతున్నాం. కింద చెప్పబోయే తప్పు ఎవరిది అని అడగొద్దు. ముగ్గురం కలిసి చేసినాం, అందుకే 'మేము' అనే రాస్తున్నాం.

తండా వాడి అన్న డ్రైవరు. హాస్టల్లో ఒకరి అన్న అంటే అందరికీ అన్నే కదా. సొంత బండి లేదు. టమోటా సీజన్లో ఎవరి పికప్ అయినా తోలతాడు, మదనపల్లె మార్కెట్ నుంచి కోలారు, చెన్నై దాకా పోతాడు. తండాకు బస్సు లేదు. రాత్రి పూట ఎవరికైనా బాగలేకపోతే ఆటో వాళ్లు రారు, వచ్చినా నోటికొచ్చింది అడుగుతారు. అందుకని తొమ్మిది ఇళ్ల వాళ్లు తలా కొంచెం వేసుకుని, అన్న పేరు మీద ఒక పాత కారు కొందాం అనుకున్నారు. బాడుగకు తిప్పేది కాదు. అట్ల తిప్పాలంటే పసుపు బోర్డు కావాలి, అది వేరే కథ. పెట్రోలు ఎవరికి వాళ్లు పోసుకోవాలి, అంతే.

మదనపల్లెలో 2014 మోడల్ వ్యాగనార్ 2,25,000 చెప్పినారు. అదే మోడల్ బెంగళూరులో ఒక బ్రోకరు 1,80,000కే ఇస్తానన్నాడు. ఆడ కార్లు జాస్తి, మార్చేవాళ్లు జాస్తి, అందుకే అగ్గవ. 45,000 తేడా అంటే తండాలో చిన్న లెక్క కాదు. 2024 సంక్రాంతి ముందర అన్న ఆడి నుంచే ఫోన్ చేసి, ఆర్సీ ఫోటో పంపించినాడు. "రేయ్, మీరు చదువుకునేటోళ్లు, కాగితాలు చూసి చెప్పండిరా. ఇంకేమన్నా కట్టాల్నా?"

మేము ముగ్గురం మంచం మీద కూర్చుని ఆ ఫోటోను పెద్దది చేసి చూసినాం. ట్యాక్స్ అనే గడిలో ఎల్‌టీటీ అని ఉంది. లైఫ్ టైం ట్యాక్స్. లైఫ్ టైం అంటే బండి బతికినంత కాలం అనుకున్నాం. "అంతా కట్టేసినారు అన్నా, ఇంక ఒక్క రూపాయి కట్టే పని లేదు, తెచ్చేయ్" అని చెప్పినాం. ఎంత ధైర్యంగా చెప్పినామంటే, పక్క రూము వాళ్లు కూడా వచ్చి విన్నారు.

ఆ లైఫ్ కర్ణాటకలో లైఫ్ అని మాకు తెలియదు.

పద్నాలుగు నెలలు ఆ కారు తండాలో బాగా తిరిగింది. రెండు కాన్పులు, ఒక పాము కాటు, లెక్కలేనన్ని జ్వరాలు. 2025 మార్చిలో అన్న పుంగనూరు పోయి వస్తుంటే దోవలో చెకింగ్. కేఏ నెంబరు, లైసెన్సులో అడ్రస్ మదనపల్లె మండలం. బండి ఎన్నాళ్ల నుంచి ఈడ ఉందని అడిగినారు. అన్న అబద్ధం చెప్పడు, సంక్రాంతికి తెచ్చినా సార్ అన్నాడు. ఏ సంక్రాంతి అంటే పోయినేటి సంక్రాంతి అన్నాడు. బండి ఆపేసి కాంపౌండులో పెట్టుకున్నారు. ఆ ఆఫీసరు తిట్టలేదు, చేయి చాపలేదు. చట్టం ఉంది బాబూ అని చెప్పి కాగితం రాసిచ్చినాడు. ఆ కాగితం తీసుకుని అన్న నేరుగా హాస్టల్‌కు వచ్చినాడు.

అప్పుడు చదవడం మొదలుపెట్టినాం. నిజంగా చదవడం.

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 40 అని ఒకటుంది. బండి యజమాని ఎక్కడ నివాసం ఉంటాడో, బండి మామూలుగా ఎక్కడ నిలుస్తుందో ఆ రాష్ట్రంలోనే రిజిస్ట్రేషన్ ఉండాలి. 2019 సవరణ తర్వాత రాష్ట్రం లోపల ఏ ఆఫీసులోనైనా చేయించుకోవచ్చు, రాష్ట్రం దాటి మాత్రం కుదరదు. సెక్షన్ 47 ప్రకారం వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలకు మించి ఇంకో రాష్ట్రంలో ఉంటే కొత్త నెంబరు తీసుకోవాల్సిందే. దానికి పాత రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ తేవాలి, అది సెక్షన్ 48. చాలామంది ఆ పన్నెండు నెలలు పన్నుకు కూడా గడువే అనుకుంటారు. అది నెంబరు మార్చుకోవడానికి పెట్టిన గడువు. పన్ను రాష్ట్రాల చేతిలో ఉంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా, 57వ పద్దు: వాహనాల మీద పన్ను. ఏ రాష్ట్రం రోడ్డు మీద తిరిగితే ఆ రాష్ట్రానికి కట్టాలి.

మాకు క్లాసులో జీఎస్టీ చెప్పినారు. 2017 జులై 1 నుంచి దేశమంతా ఒకటే రేటు అని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. అది నిజమే. కొత్త కారు బెంగళూరులో కొన్నా, తిరుపతిలో కొన్నా జీఎస్టీ ఒకటే. అంతకు ముందు అట్ల కాదు. అమ్మకం పన్ను ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం ఉండేది. బయట అగ్గవగా కొని తెచ్చుకుంటారని మన రాష్ట్రం 1996లో వాహనాల మీద ప్రవేశ పన్ను చట్టమే తెచ్చింది. బయట కట్టిన పన్ను తీసేసి, మిగిలిన తేడా ఈడ కట్టించుకునేవాళ్లు. జీఎస్టీ వచ్చి అది పోయింది. లైఫ్ ట్యాక్స్ మాత్రం జీఎస్టీలో కలవలేదు. ఈ ఒక్క ముక్క పుస్తకంలో ఉండుంటే ఆ రోజు ఫోన్‌లో అంత ధైర్యంగా చెప్పి ఉండం.

ఇంకోటి. ఈ లైఫ్ ట్యాక్స్ అన్న ఇచ్చిన 1,80,000 మీద వేయలేదు. ఆ కారు 2014లో షోరూము నుంచి బయటికి వచ్చినప్పటి బిల్లు ఎంతో, దాని మీద వేసినారు. బండి వయసును బట్టి శాతం తగ్గిస్తారు, కానీ లెక్క మొదలయ్యేది కొత్త ధర నుంచే. కొత్త కారు వాసన చూసింది ఎవరో సాఫ్ట్‌వేర్ ఆయన. ఆ ధర మీద పన్ను మళ్లీ కట్టింది తండా. అప్పటి బిల్లు దాదాపు 4,40,000. మాకు పడిన పన్ను 33,100. పైన జరిమానా 4,000.

పన్ను కట్టేస్తే అయిపోతుందనుకుంటే, అసలు తిప్పలు ఎన్‌ఓసీ దగ్గర. బండి నెంబరు ఏ ఆఫీసుదో ఆ ఆఫీసుకే పోవాలి. ఫారం 28 ఎన్‌ఓసీకి, 29, 30 పేరు మార్పుకు, 27 కొత్త నెంబరుకు. వీటిలో అమ్మినాయన సంతకాలు కావాలి. బ్రోకరు ఫోన్ స్విచ్ ఆఫ్. అన్న దగ్గర ఉన్నది ఆర్సీ, ఒక తెల్ల కాగితం మీద రాసుకున్న అగ్రిమెంటు. వేరే రాష్ట్రంలో అమ్మితే 45 దినాల్లోపల తెలియజేయాలని సెక్షన్ 50లో ఉంది, అదీ ఎవరూ చేయలేదు. అంటే కాగితాల ప్రకారం ఆ పద్నాలుగు నెలలూ కారు అన్నది కానే కాదు. అన్న ఎవరికైనా తగిలించి ఉంటే నోటీసు ముందు ఆ సాఫ్ట్‌వేర్ ఆయన ఇంటికి పోయేది. ఇన్సూరెన్సు కూడా ఆయన పేరు మీదే ఉంది. పద్నాలుగు దినాల్లో పేరు మార్చమని కంపెనీకి రాయాలంట.

కాలేజీ ఎగ్గొట్టి మేమే పోయినాం. కౌంటరు దగ్గర కుప్పం వాడు ముందు. వాడికి కన్నడం, తమిళం రెండూ వచ్చు. చదివి నేర్చుకున్నది కాదు, వాళ్ల ఊర్లో పెరిగితే అట్లే వస్తాయి. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. వాళ్ల వీధిలో కేఏ-08 ఉంటుంది, టీఎన్-24 ఉంటుంది, మన ఏపీ-03 ఉంటుంది. పొద్దున పాలు ఒక రాష్ట్రంలో పోసి, మధ్యాహ్నం కూలికి ఇంకో రాష్ట్రం పోయి, రాత్రికి ఇంటికొస్తారు. బండి మామూలుగా ఎక్కడ నిలుస్తుందని చట్టం అడిగితే వాళ్ల మామ ఏం చెప్పాలో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మొదటి సారి పోతే ఆర్సీ మీద బ్యాంకు హైపోతికేషన్ ఉందన్నారు. లోను ఎప్పుడో తీరిపోయిందంట, కానీ ఫారం 35 పెట్టి ఆ పేరు కొట్టేయించుకోలేదు. రెండో సారి పోతే చలాన్లు ఉన్నాయన్నారు. బెంగళూరు సిగ్నళ్ల దగ్గర కెమెరాలు తీసిన ఫోటోలు, మొత్తం 3,500. అందులో ఒకటి కూడా అన్న తోలినప్పటిది కాదు. కట్టినాం, వేరే దోవ లేదు. పాత ఇన్సూరెన్సు కాగితంలో ఉన్న నెంబరు పట్టుకుని అమ్మినాయనకు పుంగనూరు వాడు ఫోన్ చేసినాడు. ఆయన అప్పటికే పూణే పోయినాడు. తిడతాడేమో అనుకున్నాం. "ఇన్నాళ్లూ నా పేరు మీదే ఉందా?" అని ఆయనే భయపడినాడు. బ్యాంకు కాగితం తెప్పించి, ఫారాల మీద సంతకాలు పెట్టి వారంలో కొరియర్ చేసినాడు. మంచోడు. మూడో సారి పోతే దొంగ బండి కాదని పోలీసు రికార్డులో సరిచూసుకుని ఎన్‌ఓసీ ఇచ్చినారు.

ఆఫీసు బయట ఒకాయన అన్నీ కలిపి 12,000 ఇస్తే చేసి పెడతా అన్నాడు. నిజానికి సర్కారు ఫీజులు వందల్లోనే ఉంటాయి. ఈ 12,000 ఫారం చదవలేని వాళ్ల దగ్గర గుంజేది. మా అయ్యలు, మామలు ఇట్లాంటి వాళ్లకు ఎంత ఇచ్చినారో ఇన్నేళ్లలో. మేము ఇవ్వలేదు. అది ఒక్కటే మేము చేసిన మంచి పని.

మొత్తం చెప్తాం, మీకు ఉపయోగపడుతుంది. పన్ను 33,100, జరిమానా 4,000, చలాన్లు 3,500, ఫీజులు, కార్డు, నెంబరు ప్లేటు అన్నీ కలిపి 2,000, బస్సులు, కొరియర్ 2,700. కూడితే 45,300. బెంగళూరులో కొని మిగిల్చుకున్నామన్న 45,000 పోయి, పైన మూడు వందలు. ఇందులో మా పరీక్ష ఫీజు దుడ్లు కూడా ఉన్నాయి, తర్వాత లేట్ ఫీజుతో కట్టుకున్నాం. మిగతాది తొమ్మిది ఇళ్లు మళ్లీ వేసుకున్నాయి. ఒకామె మేకను అమ్మింది.

ఆ దినం తండాకు పోయినప్పుడు ఒక్కరన్నా తిడితే బాగుండు అనుకున్నాం. ఎవరూ తిట్టలేదు. అన్న వాళ్ల యాడి మాకు సంగటి పెట్టి, "మీరు చెప్పినారని ధైర్యంగా ఇచ్చినాం నాయనా, మీకు మాత్రం ఏం తెలుసు, మీరూ పిల్లోళ్లే కదా" అనింది. ఓదార్చడానికే అనింది. మాకు ముద్ద దిగలేదు.

ఇట్ల తిరుగుతున్నప్పుడు బస్సులో ఒక మాట వచ్చింది. తండా వాడి మేనత్తను కర్ణాటకలో ఇచ్చినారు. ఈడ సుగాలీలు ఎస్టీ. ఆడ లంబాణీలు ఎస్సీ. అదే భాష, అదే పండగ, అదే రక్తం. ఎరుకలోళ్లు ఈడ ఎస్టీ, ఆడ కొరచ, కొరమ అని ఎస్సీలో ఉన్నారు. మన కుల సర్టిఫికెట్ పట్టుకుని ఆడికి పోతే అది ఊరకే కాగితం. కారు ఆర్సీకి ఎన్‌ఓసీ తెచ్చుకుని నెంబరు మార్చుకునే దోవైనా ఉంది. మన సర్టిఫికెట్‌కు అది కూడా లేదు అని పుంగనూరు వాడు అన్నాడు. ముగ్గురం నవ్వినాం, చింతామణి దాటే దాకా మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

అందరికీ ఒకే మాదిరి కష్టం అని కూడా అనుకోవద్దు. 2021 సెప్టెంబర్ నుంచి బీహెచ్ సిరీస్ ఉంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల వాళ్లకు. వాళ్లు రెండేళ్లకు ఒకసారి పన్ను కట్టుకుంటూ రాష్ట్రం మారినా నెంబరు మార్చుకునే పని లేదు. నాలుగు రాష్ట్రాల్లో టమోటా బాక్సులు దించిన అన్నకు అది వర్తించదు. ఇంకో పక్క, పుదుచ్చేరి అడ్రస్ చూపించి పెద్ద కార్లకు లక్షల పన్ను మిగుల్చుకున్నారని 2017లో కేరళలో కేసులు పెట్టినారు. వాళ్లకు కావాల్సిన చోట అడ్రస్ పుట్టింది. తండాలో ఇంటికి డోరు నెంబరు లేదని మన అన్న అడ్రస్ ప్రూఫ్‌కు రెండు సార్లు వెనక్కి వచ్చినాడు.

కొనేవాళ్లకు మేము చెప్పేది ఇది. బండి నెంబరు ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి, బ్యాంకు పేరు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ కనపడతాయి. చలాన్లు విడిగా చూడండి. మొదటి బిల్లు కాపీ అడగండి, పన్ను లెక్క దాని మీదే. పూర్తి దుడ్లు ఇచ్చే ముందే ఎన్‌ఓసీ చేతికి రావాలి. బ్రోకరు "మేము పంపిస్తాం" అంటే సగం ఆపి పెట్టుకోండి. పన్ను ఎంత పడుతుందో మన ఆఫీసులో ముందే అడిగి, దాన్ని ధరకు కలిపి చూసుకోండి. అప్పుడు కూడా అగ్గవగా ఉంటే కొనుక్కోండి.

2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించినారు కదా. ఆ దినం రాత్రి అన్న ఫోన్ చేసినాడు. "టీవీలో ట్యాక్స్ తగ్గింది అంటాండారు, మనకేమన్నా వాపసు వస్తుందేమో చూడండిరా." అది కొత్త కార్లకన్నా, మనం కట్టింది వేరే పన్ను అని చెప్పినాం. ఈసారి చెప్పే ముందు రెండు సార్లు చదివి చెప్పినాం.

వాపసు వచ్చే దోవ ఒకటి మాత్రం ఉంది. కర్ణాటకలో కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి కొంత వెనక్కి అడగొచ్చు, ఈడ కొత్త నెంబరు వచ్చినట్టు చూపించాలి. పాత బండి కాబట్టి ఎక్కువ రాదు. అయినా అర్జీ రాసినాం. కొత్త ఆర్సీ జిరాక్సు, ఎన్‌ఓసీ కాపీ, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ అన్నీ కవర్లో పెట్టి ఉన్నాయి. వచ్చే సోమవారం కుప్పం వాడు పోతాడు.