మెంతుల వాసన పోలేదు!

మాది యానాం. మా బావగారి కుటుంబం ఫ్రాన్సులో స్థిరపడింది. ఆమధ్య వాళ్లతో కలిసి గ్వాడెలూప్ వెళ్లాం. కరేబియన్ సముద్రంలో ఉన్నా ఆ దీవులు ఫ్రాన్సువే. అక్కడ కాపెస్టెర్ అనే చిన్న ఊళ్లో మూడు రోజులున్నాం.

ముందు సముద్రం, వెనక సూఫ్రియేర్ అగ్నిపర్వతం, కొండమీంచి దూకే కార్బే జలపాతాలు. మధ్యలో ఎటు చూసినా అరటితోటలే. మన కోనసీమకి కొండలు తెచ్చి పెట్టినట్టుందనుకున్నా! ఊరవతల షాంజీ అనేచోట రోడ్డు పక్కనే గుడి. లోపల మారియమ్మ తల్లి. వాళ్లు "మాలియెమెన్" అంటారు.

అంత దూరంలో మారియమ్మేమిటి అంటారా? 1848లో బానిసత్వం రద్దయ్యాక చెరుకుతోటల్లో పనికి మనుషులు కావాల్సొచ్చింది. 1854 నుంచి 1889 దాకా మన దేశం నుంచి దాదాపు 42 వేలమందిని ఓడల్లో తీసుకెళ్లారు. ఎక్కువమంది తమిళులు, కొందరు మన తెలుగువాళ్లు. ఆ ఊళ్లోనే పుట్టిన హెన్రీ సిదంబరం గారు ఏళ్లతరబడి పోరాడితేగానీ, 1923లో వాళ్ల పిల్లలకి ఓటుహక్కు దక్కలేదు.

గుడి దగ్గర ఒకావిడ పరిచయమైంది. అచ్చం మా మేనత్త పోలికే! నోరారా పలకరిద్దామంటే నాకు ఫ్రెంచి రాదు, ఆవిడకి మన భాషలు రావు. మా తోటికోడలే ఇద్దరికీ మాట అందించింది. ఆవిడ మమ్మల్ని భోజనానికి పిలిచి, మేకమాంసంతో "కొలొంబో" వండి, అన్నంతో వడ్డించింది. అందులో ఏం వేశారని అడిగితే పొడి డబ్బా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. ధనియాలు, జీలకర్ర, ఆవాలు, మెంతులు, పసుపు! భాష పోయినా మెంతుల వాసన పోలేదు.

తింటుండగా ఆవిడ అడిగింది, "మా ముత్తవ్వది మీ దేశంలో ఏ ఊరై ఉంటుంది?" అని. నాకు గొంతులో ముద్ద దిగలేదు. పొడి కొట్టడం తల్లినుంచి కూతురికి అందింది గానీ, ఊరి పేరు అందలేదు.

మా తోటికోడలి పిల్లలకి తెలుగు రాదని నేను చాలాసార్లు ఎత్తిపొడిచాను. మరి నా కూతురికి తెలుగొచ్చు కదా, మా అమ్మమ్మ పుట్టినూరు తెలుసా? తెలీదు. నేనెప్పుడు చెప్పాను గనక!

ఇంటికి రాగానే వంటల పుస్తకం తీశాను. సాంబారుపొడి కొలతల కిందే మా అమ్మమ్మ, నాయనమ్మ, వాళ్లమ్మల పేర్లు, ఊళ్లు రాశాను. ఒక్క పేరు గుర్తురాక పెద్దమ్మకి ఫోను చేశాను. ఆవిడకి ఎనభై దాటాయి. చెప్పేవాళ్లున్నప్పుడే మీరూ అడిగి రాసుకోండి.