రోమ్‌లో ఒక అనువాదకుడు

స్పీల్‌బర్గ్ ‘మ్యూనిక్’ సినిమా మొదటిసారి హాస్టల్లో, ఫ్రెండ్ లాప్‌టాప్ మీద చూశాను. రోమ్‌లో ఒక పెద్దాయన సరుకులు కొనుక్కుని ఇంటికొస్తాడు. లిఫ్ట్ దగ్గర ఇద్దరు తుపాకులు తీస్తారు. వాళ్ల చేతులు వణుకుతుంటే నాకు టెన్షన్. ఆయన కూలిపోయాక ‘హమ్మయ్య, పనైంది’ అనుకున్నాను. ఆయన పేరు కూడా పట్టించుకోలేదు.

చాలా ఏళ్లకు, కథలు అనువాదం చేయడం మొదలుపెట్టాక, అనువాదకుల జీవితాల గురించి చదువుతుంటే ఆ పేరు మళ్లీ ఎదురైంది. వాయెల్ జ్వైటర్. పెద్దాయనేం కాదు. 1972 అక్టోబర్ 16న చంపేసేనాటికి ఆయనకు 38 ఏళ్లు. పుట్టింది నాబ్లుస్‌లో. తండ్రి ఆదిల్ జ్వైటర్ రూసోనీ, వోల్టేర్‌నీ అరబీలోకి తెచ్చినవాడు. కొడుకు రోమ్‌లో పాలస్తీనా విమోచన సంస్థ ప్రతినిధి. దేశమే లేనప్పుడు ఎంబసీ ఎక్కడిది? లిబియా ఎంబసీలో అనువాదకుడి ఉద్యోగం చేసుకుంటూనే తన వాళ్ల గోడు ఇటలీకి వినిపించాడు. మొరావియా లాంటి రచయితలతో స్నేహం చేశాడు. ‘వెయ్యిన్నొక్క రాత్రులు’ని ఇటాలియన్‌లోకి తేవాలన్నది ఆయన కల.

మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 11 మంది ఇజ్రాయెలీలను పొట్టనబెట్టుకున్న ‘బ్లాక్ సెప్టెంబర్’లో ఆయనకూ చెయ్యి ఉందని ఇజ్రాయెల్ ఆరోపణ. కాదన్నారు ఆయన్నెరిగినవాళ్లు. ఆ 11 మంది చావు చిన్న విషయం కాదు. కానీ జ్వైటర్‌ని ఏ కోర్టులోనూ నిలబెట్టలేదు. ఏ జడ్జీ ఆయన మాట వినలేదు. నేనూ వినలేదు కదా!

కాల్చినప్పుడు ఆయన దగ్గర ‘వెయ్యిన్నొక్క రాత్రులు’ రెండో సంపుటం ఉంది. ఒక తూటా అందులోకి దూసుకుపోయింది. పాలస్తీనా కళాకారిణి ఎమిలీ జసీర్ ఆ చిల్లుపడ్డ పేజీలను ఫొటోలు తీసింది. ఆయన జీవితం మీద ఆమె చేసిన పని 2007లో వెనిస్ బినాలేలో చాలామంది చూశారు. నేను నెట్‌లో చూశాను. పుస్తకాన్ని చూసి బాధపడటం తేలికే. మనిషిని చూసినప్పుడు మాత్రం నాకు ‘హమ్మయ్య’ అనిపించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను.

అనువాదం చేసేటప్పుడు నాకెప్పుడూ ఒకటే భయం. అవతలి భాషవాడికి ఇది ‘ఎవడి కథో’లా మిగిలిపోతుందేమోనని. జ్వైటర్ చేసిన దౌత్యం కూడా ఈ భయంతో రోజూ పెనుగులాడటమే అనుకుంటాను. సంతకాలు పెట్టడానికి ఒప్పందాలు లేవు, కారు మీద జెండా లేదు. ఉన్నదల్లా నేర్చుకున్న ఒక పరాయి భాష.

మొన్న ఆ సినిమా మళ్లీ పెట్టాను. చంపే సీన్‌కి ముందు కేఫ్ దగ్గర ఆయన కొద్దిమంది ముందు నిలబడి తన అనువాదం గురించి, షహ్రజాద్ గురించి చెప్తుంటాడు. మొదటిసారి చూసినప్పుడూ ఆ సీన్ ఉంది. అప్పుడు నేను ఎదురుచూసింది తుపాకుల కోసం.